పేరు చెక్కే ముందు

హంసలదీవిలో ఇచ్చిన ఉప్పెన మృతుల స్మారకోపన్యాసం పాఠం



స్మారకోపన్యాసం అంటే ముందొక పేరు ఉంటుంది, ఫలానా వారి స్మారకోపన్యాసం అని. వేదిక మీద ఆయన ఫొటో, దానికో దండ, ముందు వరసలో ఆయన కుటుంబం. వక్త లేచి ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, మెల్లగా తనకు తెలిసిన సంగతిలోకి జారుకుంటాడు. మీరు పంపిన కరపత్రంలో ఆ పేరు ఉండాల్సిన చోట ‘ఉప్పెనలో పోయినవారి’ అని ఉంది. ఇక్కడ ఫొటో లేదు. ముందు వరసలో ఎవర్ని కూర్చోబెట్టాలో తేలక కాబోలు, కుర్చీలన్నీ ఒకే తీరుగా వేశారు. ఆ కరపత్రాన్ని వారం రోజులు బల్లమీద పెట్టుకుని చూశాను. ఈ రోజు మాట్లాడే విషయం నాకు దాంట్లోనే దొరికింది.

నేను సాహిత్యం మనిషిని కాను. సివిల్ ఇంజనీరుగా పనిచేసి దిగిపోయినవాణ్ణి. బళ్ళు, నీళ్ళ ట్యాంకులు, మురుగు కాల్వల మీద వంతెనలు కట్టాను. రిటైరయ్యాక ఒక ఊరివాళ్ళు పిలిచి యుద్ధ స్మారకానికి ప్లాను గీయమన్నారు. డెల్టాలోనే, ఓ మోస్తరు పట్టణం. ఊరి పేరు చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది. ఆ ఊరి నుంచి సైన్యంలోకి వెళ్ళి తిరిగి రానివాళ్ళు ఏడుగురు. బస్టాండుకు దగ్గర్లో నాలుగు సెంట్ల స్థలం, చేతిలో కొంత చందా, ఓ కమిటీ. నా బతుకులో నేను కట్టినవాటిలో అన్నిటికన్నా చిన్నది అదే. నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పిందీ అదే.

కమిటీ మొదటి సమావేశంలో ‘ఢిల్లీలో ఉన్నట్టు’ అన్నారు. తలకిందులుగా నిలబెట్టిన తుపాకీ, దానిమీద హెల్మెట్. సరేనన్నాను. ‘ముప్ఫై అడుగుల స్తంభం’ అన్నారు, దానికీ సరేనన్నాను. అక్కడి నుంచి రెండు గంటల సేపు నడిచిన చర్చంతా స్మారకం గురించి కాదు, శంకుస్థాపన ఫలకం గురించి. ముఖ్య అతిథి పేరు ఏ సైజులో, అధ్యక్షుల పేరు ఏ సైజులో, దాతల పేర్లు ఏ వరసలో. చివరికి తేలిన లెక్క ఇది: ఫలకం మీద పన్నెండు పేర్లు, స్తంభం మీద ఏడు. ఫలకం మీది అక్షరాలే పెద్దవి.

ఇదేదో ఆ ఒక్క ఊరి జబ్బు అనుకోకండి. బతికున్నవాళ్ళు డబ్బు పెట్టి, చచ్చిపోయినవాళ్ళ పేరున కట్టించే ఏ కట్టడానికైనా ఈ పేచీ తప్పదు. రాయి ఎవరిదైతే పేరు వారిదవుతుంది.

ముందు నేల సంగతి చెప్పాలి. మన డెల్టాలో రాయి లేదు. ఎంత తవ్వినా ఒండ్రు, బంకమట్టి, ఇసుక, ఆ కింద ఉప్పునీరు. తిరగలి రాయి దగ్గర్నుంచి దేవుడి విగ్రహం దాకా ప్రతి రాయీ ఎక్కడినుంచో వచ్చిందే. ఘంటసాల స్తూపానికి వాడిన పాలరాయిలాంటి సున్నపురాయి పల్నాడు నుంచి కృష్ణలో పడవల మీద దిగింది. అక్కడ దొరికిన శాసనాల్లో శివకుడనే మహానావికుడి పేరుంది. ఓడలు నడిపించిన మనిషి, రాయి ఇచ్చాడు, పేరు రాయించుకున్నాడు. పదిహేను వందల ఏళ్ళు దాటినా ఆ పేరు చదవగలుగుతున్నాం. అమరావతి స్తూపం దగ్గరైతే విధికుడనే చర్మకారుడి పేరే దొరికింది. దానమిచ్చే స్తోమత ఉంటే చాలు, చెప్పులు కుట్టేవాడి పేరైనా రాతికెక్కిన రోజులవి.

స్తంభం అనగానే ఇంజనీరుకు రెండు భయాలుంటాయి. ఒకటి కాళ్ళకింద, రెండోది తలపైన. మన బంకమట్టి వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలువారి కుంగుతుంది. దానిమీద సన్నటి పునాదితో ముప్ఫై అడుగుల బరువు నిలబెడితే పదేళ్ళలో ఓ పక్కకు ఒరుగుతుంది. అంచేత పైల్స్ దింపాలి. ఇక గాలి. ఈ తీరానికి సెకనుకు 50 మీటర్ల గాలిని లెక్కలోకి తీసుకోమని కోడ్ పుస్తకం చెబుతుంది, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఎంత పొడుగు స్తంభానికి అంత బలమైన మొదలు కావాలి. కాబట్టి చందా డబ్బుల్లో సగానికి పైగా మట్టిలోకే పోయింది. ఎవరికీ కనపడదు. కమిటీ వాళ్ళు నన్ను అనుమానంగా చూశారు, వాళ్ళ తప్పేం లేదు.

మూడో శత్రువు ఉప్పు. చవిటి నీళ్ళతో కాంక్రీటు కలిపినా, కడ్డీకి పైన రెండంగుళాల మందం వదలకపోయినా, గాలిలో ఉప్పు మెల్లగా లోపలికి చేరి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము లావెక్కుతుంది. లావెక్కి పైనున్న కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది. ఈ తీరాన మీరంతా చూసిందే.

ఇప్పుడు అసలు కష్టం చెబుతాను. పేర్ల జాబితా ఇంగ్లీషులో వచ్చింది. సైన్యం రికార్డులో ఉన్నట్టు, నంబరు, హోదా, పేరు. ఒక కుర్రవాడి పేరు ముందు ‘కె’ అని ఒక్క అక్షరమే ఉంది. ఇంటిపేరుకు అదే గుర్తు. మన కృష్ణా జిల్లాలో ‘కె’ అంటే ఎన్ని ఇళ్ళు! కొల్లి, కోట, కాగిత, కొక్కిలిగడ్డ, కంఠంనేని. తెలుగు రాతి మీద ఆ ‘కె’ అలాగే చెక్కుదామన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. ఇంటింటికీ తిరిగి అడిగాం. ఏడింట్లో మూడు పేర్లు కాయితంలో ఉన్నట్టు లేవు. ఒకరికి బళ్ళో వేసిన పేరొకటి, ఇంట్లో పిలిచేది మరొకటి. ఊళ్ళో ఎవరికీ ఆ బడి పేరు తెలియదు. రెండూ చెక్కించాం.

తెలుగు అక్షరం చెక్కడం కూడా ఇంగ్లీషు అంత తేలిక కాదు. ఇంగ్లీషు అక్షరాలు గడ్డి కోసినట్టు సమంగా ఉంటాయి. మనకు తలకట్టు పైకి పోతుంది, గుడి ఇంకా పైకి, ఒత్తు కిందికి దిగుతుంది. వీర్రాజు, సుబ్బయ్య అన్న పేర్లు రాసిచూడండి, పై వరస ఒత్తు కింది వరస గుడికి తగులుతుంది. వరసల మధ్య ఎడం ఎక్కువ వదలాలి. రాయి చీమకుర్తిది కావాలన్నారు, ఆ నల్లరాతిలో బంగారు చుక్కలు మెరుస్తాయి కదా, ప్రపంచమంతా ఎగబడి కొంటుంది. ఇంటి గచ్చుకు బాగుంటుంది గానీ చిన్న అక్షరానికి ఆ చుక్కలు అడ్డం. సున్నా ఏదో చుక్క ఏదో తెలియదు. చుక్కల్లేని నల్లరాయి తెప్పించాం. నున్నగా పాలిష్ పట్టిన నల్లరాయి మీద ఉలి పడిన చోట తెల్లగా తేలుతుంది, రంగు నింపే పని లేదు. రంగు నింపిన అక్షరం మూడేళ్ళకే వెలిసిపోతుంది.

ఆవిష్కరణ అయ్యాక, మైకులు తీసేశాక, ఒకావిడ వచ్చింది. పోయిన కుర్రాళ్ళలో ఒకరి తల్లి. చదువుకోలేదు. ‘మావాడు ఏ వరస బాబూ?’ అంది. పైనుంచి మూడోదని చూపించాను. చెయ్యి ఎత్తింది. అందలేదు. పేర్ల పలక మొదలే ఎనిమిది అడుగుల ఎత్తులో ఉంది, కిందినుంచి చూస్తే అందంగా ఉంటుందని నేనే అక్కడ పెట్టాను. కమిటీ మీద ఇప్పటిదాకా చెప్పిన నేరాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఇది నాది.

ఆ తర్వాతే నేను స్మారకాల గురించి చదవడం మొదలుపెట్టాను. ముందు చదివి తర్వాత కట్టాలి గానీ, మన పద్ధతి ఇది.

లండన్‌లో సెనొటాఫ్ అని ఒకటుంది. ఖాళీ సమాధి అని అర్థం. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక 1919లో ఊరేగింపు కోసం కర్రతో, ప్లాస్టర్‌తో తాత్కాలికంగా నిలబెట్టారు, మన పెళ్ళిపందిరి లాగా. జనం దాని మొదట్లో పూలు పెట్టడం ఆపలేదు. తీసేయలేక 1920లో అదే రూపాన్ని రాతితో కట్టారు. గీసినవాడు ఎడ్విన్ లుట్యెన్స్. దానిమీద ఒక్క పేరు కూడా లేదు. ఢిల్లీలో ఇండియా గేట్ గీసిందీ ఆయనే, 1931లో పూర్తయింది, 42 మీటర్ల ఎత్తు. దానిమీద 13 వేలకు పైగా పేర్లున్నాయి. ఒకే మనిషి చెయ్యి, ఒకచోట పేర్లు అక్కర్లేదంది, ఇంకోచోట కావాలంది. నేను మాత్రం పేర్ల పక్షం. పేరు లేని రాయి చూడ్డానికి గంభీరంగా ఉంటుంది గానీ, తల్లి వచ్చి మావాడెక్కడ అంటే చూపించడానికి ఏమీ ఉండదు.

అయితే పేర్లు చెక్కడానికి ముందు పేర్లు ఉండాలి కదా. సైన్యానికి అవి ఎక్కడివి? జీతం పట్టీలోవి. సిపాయికి నెలనెలా జీతం ఇవ్వాలి కాబట్టి వాడి పేరు, ఊరు, తండ్రి పేరు రాసుకున్నారు. యుద్ధ స్మారకానికి అసలు పునాది ఆ పట్టీయే, రాయి తర్వాత వస్తుంది. బ్రిటిషువాళ్ళు 1917లో యుద్ధ సమాధుల కమిషన్ అని పెట్టి, హోదా తేడా లేకుండా ప్రతి సైనికుడికీ పేరు రాయాలని నియమం చేసుకున్నారు. గొప్ప నియమమే. కానీ ఇరాక్‌లో బాస్రా స్మారకం మీద మన భారతదేశపు సిపాయిల దగ్గరకొచ్చేసరికి ఆఫీసర్ల పేర్లు చెక్కి, మామూలు సిపాయిలు ఇంతమంది అని అంకె వేశారు. ఆ కమిషనే 2021లో విచారణ నివేదిక వేసి ఈ తేడా నిజమని ఒప్పుకుంది. అంటే పట్టీలో పేరున్నంత మాత్రాన రాతికెక్కుతుందని కాదు. ఎవడో ఒకడు గుమాస్తా బల్ల దగ్గర కూర్చుని, వీళ్ళకు అంకె చాలు అనుకున్నాడు.

ఆ మాట గుర్తుపెట్టుకోండి. అంకె చాలు అన్న మాట. మళ్ళీ దానికే వస్తాను.

మనవాళ్ళకు ఇదంతా తెల్లవాళ్ళు నేర్పలేదు. నాగార్జునకొండలో మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకుల కాలంలో, ఛాయాస్తంభాలు నిలబెట్టారు. పోయినవాడి రూపం చెక్కి, కింద పేరు. రాజులకే కాదు, యుద్ధంలో పడిన సైనికులకూ ఉన్నాయి. ఊరి పొలిమేరల్లో వీరగల్లులు మీరు చూసే ఉంటారు, కత్తి పట్టుకున్న మనిషి, పైన సూర్యచంద్రులు. పల్నాట్లో కారెంపూడి అయితే యుద్ధ స్మారకమే గుడిగా మారిన ఊరు. అక్కడ పల్నాటి యుద్ధ వీరులు లింగాల రూపంలో ఉన్నారు, కార్తీకంలో ఐదు రోజుల తిరణాలలో యుద్ధాన్ని మళ్ళీ నడిపిస్తారు. ఎనిమిది వందల ఏళ్ళుగా తుప్పు పట్టని స్మారకం అది. ఎందుకంటే దాన్ని రాతితో ఒక్కసారి కట్టి వదిలేయలేదు, ఏటా మనుషులతో కడుతున్నారు.

బొబ్బిలి సంగతి వేరు. యుద్ధం జరిగింది 1757 జనవరి 24న. అక్కడి యుద్ధ స్తంభం లేచింది 1891లో. మధ్యలో 134 ఏళ్ళు. కాబట్టి ఆలస్యమైందే అని రాయికి బెంగ పెట్టుకోనక్కర్లేదు, రాయి ఆగుతుంది. సాక్షులు ఆగరు. విశాఖ బీచిలో 1971 యుద్ధ స్మారకం పాతికేళ్ళకు, 1996లో వచ్చింది. దానికి యుద్ధం చేసినవాళ్ళే వచ్చి నిలబడగలిగారు. తాడేపల్లిగూడెం పక్కన మిలిటరీ మాధవరంలో అయితే ఇంటికొకరు సైన్యంలో ఉండే ఊరు కాబట్టి, స్మారకం దగ్గరికి వెళ్ళడమంటే పక్కింటికి వెళ్ళినట్టే.

ఇంతవరకూ యుద్ధం. ఇక మన సంగతి.

1977 నవంబరు 19, శనివారం. కార్తీకమాసం. ఉప్పెన వచ్చిన రోజు. నేనప్పుడు గుడివాడలో చదువుకునే కుర్రాణ్ణి. మా దగ్గర గాలీ వానా, ఇంటి పెంకులు లేచిపోవడం, అంతే. దివిసీమలో ఏం జరిగిందో మాకు తెలియడానికి సమయం పట్టింది, ఎందుకంటే చెప్పడానికి తీగలు లేవు, రోడ్లు లేవు. బియ్యం, పాత బట్టలు వేసుకుని బయల్దేరిన ఒక లారీ ఎక్కి వచ్చాను. అవనిగడ్డ దాటాక లారీ సాగలేదు. అక్కణ్ణుంచి నేను చూసింది మీకు చెప్పనక్కర్లేదు. మీలో సగంమంది అది నాకంటే దగ్గరగా చూసినవాళ్ళు, మిగతా సగం వాళ్ళ పిల్లలు. ఒక్కటే చెబుతాను. తుమ్మచెట్ల ముళ్ళకు చీరలు చిక్కుకుని ఉన్నాయి, మనిషి తలకు చాలా పైన. నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో ఆ చీరలు కొలిచి చూపించాయి. తాటిచెట్టు ఎక్కి బతికినవాళ్ళ అరచేతులు, రొమ్ములు చీరుకుపోయి ఉన్నాయి.

ఆ రోజుల్లో ఇక్కడి నాయకులు మండలి వెంకట కృష్ణారావు గారు ఈ బురదలోనే తిరిగారు. ఎక్కడెక్కడి నుంచో సంస్థలు వచ్చాయి, సన్యాసులు వచ్చారు, చర్చివాళ్ళు వచ్చారు, నాస్తికులు వచ్చారు, సినిమావాళ్ళు జోలె పట్టారు. పని ఒకటే. ముందు పోయినవాళ్ళను మట్టిచెయ్యాలి, లేకపోతే బతికినవాళ్ళు బతకరు. గుంటలు తీసి కలిపి పూడ్చారు, కుప్పలుగా పేర్చి కాల్చారు. పేరు అడగడానికి వ్యవధి లేదు. అడిగినా చెప్పేవాళ్ళు లేరు, ఇంటికిల్లూ పోయింది కాబట్టి. అప్పుడు లెక్క మొదలైంది. ప్రభుత్వ లెక్క పది వేల చుట్టూ తిరిగింది. బయటివాళ్ళ అంచనాలు యాభై వేల దాకా పోయాయి.

ఆ రెండు అంకెల మధ్య ఎడం చూడండి. ఇదేమీ పైసల తేడా కాదు కదా. ఇటు పదివేలు, అటు యాభైవేలు. మధ్యలో ఉన్నది ఎవరు? ఎవరి పట్టీలోనూ లేనివాళ్ళు. చేపలవేటకు పక్క జిల్లాల నుంచి వచ్చి సముద్రపు గట్టున గుడిసెలు వేసుకున్నవాళ్ళు. కోతలకు వచ్చిన కూలీలు. వాళ్ళకెవరూ నెల జీతం ఇవ్వలేదు కాబట్టి ఎవరూ పేరు రాసుకోలేదు. బందరులో 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి 30 వేలమంది దాకా పోయారు. వాళ్ళ పేర్లు ఎక్కడ? అదే బందరులో డచ్చివాళ్ళ శ్మశానానికి వెళ్ళండి. 17వ శతాబ్దపు వర్తకుల పేర్లు, వంశపు గుర్తులతో సహా, ఉబ్బెత్తుగా చెక్కిన రాళ్ళ మీద చెక్కుచెదరకుండా ఉన్నాయి. కలంకారీ బట్టలకు వచ్చినవాళ్ళ పేర్లు నిలిచాయి. ఆ బట్టలు అద్దినవాళ్ళ మనవలు ఉప్పెనలో పోతే 30 వేలు అని అంకె మిగిలింది.

అంకె చాలు అనుకున్న గుమాస్తా ఒక్క బాస్రాలోనే లేడు.

పులిగడ్డలో ఉప్పెన స్మారక స్తూపం ఉంది. ఏటా నవంబరు 19న అక్కడ పూలు పెడతాం. మంచిదే, అది ఉండాలి. తద్దినం పెట్టుకునే ఇళ్ళన్నిటికీ ఇక్కడ ఒకటే తిథి, చర్చిలో ప్రార్థన పెట్టించుకునేవాళ్ళకు ఒకటే తారీఖు. కానీ మనది పేరూ గోత్రం చెప్పకపోతే పిండం ఎవరికి చేరుతుందని అడిగే జాతి. తర్పణం వదిలేటప్పుడు నీళ్ళతో పాటు పేరు వదులుతాం. పదివేలమందికి కలిపి ఒక దండ వేసి రావడం నాకు ఎప్పుడూ అర్ధాకలితో లేచినట్టే ఉంటుంది.

కొందరు మిత్రులు అంటారు, అసలు స్మారకం తుఫాను షెల్టర్లేనని. కాదనను. ఉప్పెన తర్వాత తీరం పొడవునా స్తంభాల మీద లేపి కట్టిన ఆ మేడలు, ముందుగా జనాన్ని ఖాళీ చేయించే అలవాటు, ఆ రెండూ కలిసి పనిచేశాయి. 1990 మే 9న దాదాపు అంతటి తుఫానే ఇదే కృష్ణ ముఖద్వారం మీదికి వచ్చింది. లక్షలమందిని ముందే తరలించారు. పోయినవాళ్ళు వెయ్యిలోపు. పదమూడేళ్ళలో అంత తేడా. 1977లో పోయినవాళ్ళు 1990లో వీళ్ళను బతికించారని నేను నమ్ముతాను. కానీ ఆ షెల్టర్లలో చాలావాటికి ఇప్పుడు పెచ్చులు ఊడి కడ్డీలు బయటపడ్డాయి. మెట్లెక్కడానికి భయపడే షెల్టరు ఎవరికి ఆశ్రయం? ఇందాక చెప్పిన రెండంగుళాలూ, మంచినీళ్ళూ అక్కడ కొరవడ్డాయి. ఎవరినీ వేలెత్తి చూపను, హడావుడిగా కట్టిన రోజులవి. మరమ్మతు మాత్రం హడావుడి లేకుండా చేయాల్సింది.

సరే, పేర్లు దొరకవు కదా, ఇప్పుడెలా అంటారు. దొరుకుతాయి. అన్నీ దొరకవు, చాలా దొరుకుతాయి.

1977 మార్చిలో లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. ఎమర్జెన్సీ చివర్లో వచ్చిన ఎన్నికలు, ఎవరూ మర్చిపోరు. ఉప్పెనకు సరిగ్గా ఎనిమిది నెలల ముందు. ఓటర్ల జాబితా ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఊరు, ఇంటి నంబరు, పేరు, తండ్రి లేక భర్త పేరు, వయసు. ఇంటి వరసలోనే ఉంటుంది. అప్పుడు ఓటు హక్కు 21 ఏళ్ళకు. కాబట్టి ఈ దీవిలో ఉన్న పెద్దవాళ్ళందరి పట్టీ, జీతం పట్టీ కాకపోయినా, ఒకటి రాసి ఉంది. మళ్ళీ 1978 ఫిబ్రవరిలో శాసనసభ ఎన్నికలు, ఉప్పెనకు మూడు నెలల తర్వాత. ఆ రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుని, ఊళ్ళో పెద్దవాళ్ళను నలుగుర్ని కూర్చోబెట్టుకుని, ఇంటి తర్వాత ఇల్లు చదవాలి. ‘ఈయన?’ ‘ఉన్నాడు, మొన్న మొన్ననే పోయాడు.’ ‘ఈమె?’ ‘ఉప్పెనలో.’ ఇంతే పని. పెద్ద చదువు అక్కర్లేదు. ఓపిక కావాలి, మధ్యలో లేచి కళ్ళు తుడుచుకు రావడానికి వ్యవధి ఇవ్వాలి.

పిల్లలు జాబితాలో ఉండరు. వాళ్ళకు బడి రిజిస్టర్లు. నష్టపరిహారం ఇచ్చిన కాయితాలు. అవీ లేనిచోట మేనమామలు, మేనత్తలు. ఉప్పెన నాడు పదేళ్ళ వయసున్న పిల్లలకు ఇప్పుడు అరవై దగ్గర. మరో పదేళ్ళు ఆగితే అడగడానికి మనిషి ఉండడు. బొబ్బిలి స్తంభం 134 ఏళ్ళు ఆగగలిగింది, మన జాబితా ఆగలేదు.

జాబితా వచ్చాక రాతి సంగతి నాకు వదిలేయండి. లెక్క వేసి తెచ్చాను. పదివేల పేర్లనుకుందాం. ఒక్కో పేరుకు మూడు సెంటీమీటర్ల ఎత్తు, ఒత్తులకీ గుడులకీ ఎడంతో సహా, ముప్ఫై సెంటీమీటర్ల పొడవు, ఇంటిపేరు పూర్తిగా పడుతుంది. మోకాలి ఎత్తు నుంచి కంటి ఎత్తు దాకా మీటరూ ఇరవై సెంటీమీటర్లు వాడుకుంటే నిలువునా నలభై వరసలు. 250 నిలువు పట్టీలు. మొత్తం 75 మీటర్ల గోడ. మామూలు మనిషికి వంద అంగలు. చూశారా, పదివేలు అనే అంకె వంద అంగల నడకలో ఇమిడిపోయింది. అలాంటి గోడకు పైల్స్ పెద్దగా అక్కర్లేదు, అంత ఎత్తు లేని గోడకు గాలి భయం తక్కువ. ముప్ఫై అడుగుల స్తంభానికి మట్టిలో పోసే డబ్బు రాతికి సరిపోతుంది. ఎంత ముసలమ్మకైనా చెయ్యి అందుతుంది.

పేర్ల వరస ఎలా ఉండాలన్నది పెద్ద ప్రశ్న. అమెరికాలో వియత్నాం యుద్ధ స్మారకం గీసింది మయా లిన్ అనే 21 ఏళ్ళ విద్యార్థిని, 1982లో తెరిచారు. నేలలోకి దిగిన నల్లరాతి గోడ, 58 వేల పేర్లు. ఆ రాయి మన బెంగళూరు నుంచి వెళ్ళిందే. అక్కడ అక్షరక్రమంలో రాయమని పోరారు. ఆమె ఒప్పుకోలేదు, పోయిన తారీఖు వరసలో రాయించింది, ఒకే రోజు కలిసి పోయినవాళ్ళు పక్కపక్కనే ఉంటారని. ఢిల్లీలో 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలో 25 వేలకు పైగా పేర్లు, ఒక్కొక్కరికి ఒక రాతి పలక, గుండ్రటి చక్రవ్యూహం లాంటి గోడల్లో. ఒక్కో చోటికి ఒక్కో వరస తగింది. మనకు తారీఖు వరస కుదరదు, అందరిదీ ఒకే రోజు. హోదా మనకు లేదు. అక్షరక్రమం పెడితే ‘అ’ తో మొదలయ్యే ఇంటిపేర్లవాళ్ళు ఒకచోట, వాళ్ళ కోడళ్ళ పుట్టిళ్ళు ఇంకోచోట. అందుకని నా మాట, ఇంటి వరస. ఊరు, వీధి, ఇల్లు. వాళ్ళు ఎలా ఉండేవాళ్ళో అలాగే. నీళ్ళు ఏ గుడిసె తర్వాత ఏ గుడిసెలోకి వచ్చాయో అలాగే. సొర్లగొంది ఊరి మనిషి గోడ దగ్గర నిలబడితే తన వీధిలో నడిచినట్టు ఉండాలి. పక్కింటి పేర్లు పక్కనే చదువుకోవాలి.

సముద్రపు గట్టున గుడిసెలు వేసుకున్న కూలీల వరసలో రాతిని ఖాళీగా వదలండి. నున్నగా, ఏమీ చెక్కకుండా. నల్లరాయి కాబట్టి దాంట్లో చూసేవాళ్ళ మొహం కనపడుతుంది. ఎప్పుడైనా శ్రీకాకుళం నుంచో నెల్లూరు నుంచో ఒక మనవడు వచ్చి మా తాతది ఈ పేరు అంటే, చెక్కడానికి చోటుండాలి.

శంకుస్థాపన ఫలకం గోడ వెనక వైపు.

ఇక చివరిగా పని సంగతి. వెళ్ళేటప్పుడు గుడి అరుగు దగ్గర రెండు లాంగ్ నోట్‌బుక్కులు పెట్టారు మనవాళ్ళు, పెన్నులు దారంతో కట్టి. ఊరి పేరు పైన రాయండి. ఇంటిపేరు పొట్టి అక్షరంతో కాకుండా పూర్తిగా రాయండి. ఊళ్ళో పిలిచే పేరుంటే అదీ రాయండి. రాయడం రానివాళ్ళు చెబితే పక్కవాళ్ళు రాసిపెట్టండి, రాసింది చదివి వినిపించండి. బారసాల కాకముందే పోయిన పిల్లలు ఉంటారు. వాళ్ళకు ‘పాప’ అనో ‘బాబు’ అనో రాసి, పక్కన తల్లి పేరు రాయండి. ముప్ఫై సెంటీమీటర్లలో అది పడుతుంది, నేను కొలిచాను.